పాసైన గుండె

మా ఆయన సుబ్బరాయుడు ఫిజిక్స్ లెక్చరర్. మాదాపూర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో ఇంజనీరింగ్‌కూ మెడిసిన్‌కూ ఎంట్రన్సులు రాసే పిల్లలకు పాఠం చెబుతాడు. మేము ప్రొద్దుటూరు నుంచి వచ్చి కూకట్‌పల్లిలో కాపురం పెట్టి చాలా ఏళ్ళయింది. ఆయన క్లాసు మూడో అంతస్తులో. ఆయన నొప్పి మాత్రం రెండో అంతస్తు మెట్ల దగ్గరే ఎదురొచ్చి నిలబడేది.

దాన్ని నొప్పి అని ఆయన ఏనాడూ అనలేదు. గ్యాసు అన్నాడు. మావైపు మగవాళ్ళకు ఛాతీ అనేది ఉండదు. కడుపే గొంతు దాకా ఉంటుంది, అందులో ఎక్కడ ఏం జరిగినా గ్యాసే. నేనూ ఆ మాటే నమ్మాను. వాము, జీలకర్ర, సొంఠి దంచి కషాయం కాచి రోజూ పొద్దున్నే ఒక గ్లాసు చేతిలో పెట్టేదాన్ని. మొహం చిట్లించుకుని తాగి, చొక్కా వేసుకుని బయల్దేరేవాడు.

ఒకరోజు వాళ్ళ ప్రిన్సిపాల్ పై నుంచి దిగి వస్తూ చూశాడట. మా ఆయన మెట్ల మలుపులో రెయిలింగ్ పట్టుకుని, చెమటలు కక్కుతూ, ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తున్నాడు. ఫోన్ తలకిందులుగా ఉంది. ప్రిన్సిపాల్ వయసులో చిన్నవాడే గానీ కళ్ళున్నవాడు. "సార్, నెలాఖరులోగా గుండె చూపించుకుని రిపోర్టు తీసుకురండి. నార్మల్ అని ఉంటే సీనియర్ బ్యాచ్ మీదే. లేకపోతే దినేశ్‌కి ఇచ్చేస్తాను" అన్నాడు.

దినేశ్ అంటే కొత్తగా చేరిన కుర్ర లెక్చరర్. బోర్డు మీద రాయడు, తెర మీద బొమ్మలు చూపిస్తాడు. మా ఆయనకు ఆ పేరు వింటేనే వేడినూనెలో నీళ్ళు పడ్డట్టు అవుతుంది. సీనియర్ బ్యాచ్ ఆయనకు ఉద్యోగం కాదు, ప్రాణం. ఆ పిల్లలు పరీక్ష రాసేదాకా వాళ్ళు ఏ లెక్కలో ఎక్కడ తప్పుతారో తప్ప ఇంట్లో ఆయన నోట మరో మాట రాదు. అన్నం తింటూ కంచం అంచు మీద వేలితో గ్రాఫులు గీస్తాడు.

మా అమ్మాయి అశ్విని నానక్‌రామ్‌గూడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. సంగతి తెలిసి ఫోన్‌లో తండ్రిని నాలుగు దులిపి, ఒక పెద్ద ఆసుపత్రి ప్యాకేజీ వివరాలు పంపింది. ఆయన ఆ రేటు చూసి, "గుండె చూసేదానికి గుండె ఆగిపోయే రేటు పెట్టినారే" అని ఫోన్ పక్కన పడేశాడు. అప్పుడు అశ్వినే ఇంకో దారి చూపింది. ఒక ట్రస్టు వాళ్ళు బస్సులో గుండె పరీక్షలు చేస్తున్నారట. ఛాతీలో నొప్పి వస్తున్నా ఖర్చుకు భయపడి ఆసుపత్రికి పోని వాళ్ళ కోసమే పెట్టారట. ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ కలిపి బయటి రేటులో నాలుగో వంతు. మామూలు రోజుల్లో ఆఫీసుల దగ్గర, ఆదివారాలు కాలనీల్లో ఆగుతుంది. వచ్చే రెండో ఆదివారం మా కాలనీ కమ్యూనిటీ హాలు దగ్గరికే వస్తోంది. పేరు రాయించేసింది.

అక్కడితో కథ అయిపోవాల్సింది. వెళ్ళడం, పడుకోవడం, వైర్లు తగిలించుకోవడం, రావడం. కానీ మా ఆయన చెవిలో "టెస్టు" అనే మాట పడింది. జన్మంతా పిల్లల్ని టెస్టుల్లో గట్టెక్కించిన మనిషి. టెస్టు అన్నాక ప్రిపేర్ కాకుండా వెళ్ళడం ఆయన ఇంటా వంటా లేదు.

మొదట మా పై ఫ్లాటు వెంకటనారాయణగారిని పట్టుకున్నాడు. ఆయనది భీమవరం. గుండెలో స్టెంటు వేయించుకుని మూడేళ్ళయింది. ఇద్దరూ పొద్దున్నే కలిసి నడుస్తారు. ట్రెడ్‌మిల్ మీద ఏమేం అడుగుతారో, పాత ప్రశ్నపత్రం అడిగినట్టు అడిగాడు.

"అడిగేదేం ఉండదండీ. నడవమంటారు. మూడేసి నిమిషాలకోసారి స్పీడు పెంచుతారు, ఎత్తు పెంచుతారు. ఆయాసం వస్తే చెప్పాలండీ, ఆపేస్తారు" అన్నాడు వెంకటనారాయణగారు.

"ఆపేస్తే ఫెయిలా?"

"ఫెయిలేంటండీ, అదేమన్నా ఎంసెట్టా?"

మా ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. మా అపార్ట్‌మెంట్ జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఉంది. అదే స్పీడు, అదే ఎత్తు పెట్టుకుని ప్రాక్టీసు మొదలుపెట్టాడు. కొత్త బూట్లు కొన్నాడు. పక్కనే తెల్లకాగితం మీద తన వయసుకు గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలో లెక్క వేసి అంటించాడు. మొదటి రోజు రెండో ఎత్తుకే కిందికి దిగిపోయాడని జిమ్ కుర్రాడు నాకు చెప్పాడు. ఇంటికొచ్చి "బూట్లు బిగుతుగా ఉండాయి" అన్నాడు.

తర్వాత నాలుగు రోజులకు ఆయనలో హుషారు వచ్చింది. మెట్ల మీద ఇబ్బంది లేదన్నాడు. "నీ కషాయం భలే పనిచేసిందే" అని కూడా అన్నాడు. ఆ ముక్క మా అపార్ట్‌మెంట్‌లో నేను చెప్పని గడప లేదు. నలుగురైదుగురు ఆడవాళ్ళు కొలతలు అడిగి రాసుకుపోయారు.

ఆదివారం పొద్దున బస్సు దగ్గరికి వెళ్ళేసరికి అప్పటికే వరస ఉంది. యూనిఫాం మీదే వచ్చిన సెక్యూరిటీ గార్డు, కర్రీ పాయింట్ నడిపే ఒకావిడ, ఆదివారం కూడా భుజాన ల్యాప్‌టాప్ సంచీ దించని ఇద్దరు సాఫ్ట్‌వేర్ పిల్లలు. అందరూ ఛాతీ మీద ఎక్కడ నొప్పి వస్తుందో ఒకరికొకరు చూపించుకుంటున్నారు. మా ఆయన మాత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. పరీక్ష హాలు బయట పక్కవాడితో మాట్లాడితే చదివింది మరిచిపోతామని ఆయన సిద్ధాంతం.

బస్సు లోపల శుభ్రంగా, చల్లగా ఉంది. ముందు భాగంలో తెర, మంచం, ఈసీజీ మిషను. వెనక ట్రెడ్‌మిల్. నర్సు తెలంగాణ పిల్ల. "సార్, జర షర్టు ఇప్పుండ్రి. వైర్లు అతకాలంటే గీడ వెంట్రుకలు తియ్యాలె. ఫికర్ జెయ్యకుండ్రి" అంది. "తలమీద ఎట్లాగూ లేవు, ఆడన్నా ఉండనీ తల్లీ" అన్నాడు ఆయన. నవ్వుతూనే గీసేసింది. నేను బస్సు మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నాను.

తెర తప్పించుకుని డాక్టరు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. మా ఆయన్ని చూసి అలాగే నిలబడిపోయింది. "సార్! నేను సార్, భార్గవిని. మీ దగ్గర రెండేళ్ళు చదివాను" అని, మెడలో స్టెతస్కోపు వేలాడుతుండగానే వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టింది.

"ఆప్టిక్స్‌లో తప్పులు చేస్తాండె, ఆ భార్గవేనా?"

"అవును సార్. మీరు బెంచీ ఎక్కించారు."

ఆయన మొహం వెలిగింది. వరసలో ఉన్నవాళ్ళు మెడలు చాచి చూస్తుంటే నాకూ గర్వంగానే అనిపించింది, అబద్ధం ఎందుకు. మంచం మీద అర్ధనగ్నంగా కూర్చుని కూడా లెక్చరర్ లెక్చరరే.

భార్గవి కాగితం తీసుకుని వివరాలు అడిగింది. నొప్పి ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది. ఆయన అన్నిటికీ తక్కువ మాటల్లో చెప్పాడు.

"ఏమైనా మందులు వాడుతున్నారా సార్?"

"ఏం లేవమ్మా."

"ఈ రోజు పొద్దున ఏమైనా వేసుకున్నారా?"

"లేదని చెప్తినే."

ఆ గొంతు నాకు తెలుసు. ఒకసారి చెప్పింది రెండోసారి అడిగిన పిల్లల కోసం దాచిపెట్టుకున్న గొంతు. భార్గవి మొహం చిన్నబోయింది. "సారీ సార్" అని రాసుకుంది.

ఈసీజీ బాగుంది. ఎకో బాగుంది. ట్రెడ్‌మిల్ మీద ఎత్తు పెంచుతూ పోయారు, ఈయన కొత్త బూట్లు టకటకలాడిస్తూ నడుస్తూనే ఉన్నాడు. నాలుగో ఎత్తు కూడా దాటాడు. దిగి తుడుచుకుంటుంటే భార్గవి గీతలన్నీ ఒకటికి రెండుసార్లు చూసింది. "నార్మల్‌గానే ఉంది సార్. కానీ మీకు మెట్లెక్కితే వస్తోందన్నారు. మళ్ళీ వస్తే మాత్రం ఈ కాగితం చూసి ధైర్యంగా ఉండకండి. వెంటనే రండి. కూర్చున్నప్పుడు వచ్చిందంటే ఇక్కడికి కూడా కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళిపోవాలి" అంది.

మా ఆయనకు మొదటి మాటే వినిపించింది. "ఆ నార్మల్ అనేది కొంచెం పెద్ద అక్షరాలతో రాయమ్మా, ప్రిన్సిపాల్‌కు చూపియ్యాల" అన్నాడు.

దారిలో మైసూర్‌పాక్ కొన్నాడు. ఫస్ట్ ర్యాంకు వచ్చిన పిల్లవాడి తండ్రిలాగా అపార్ట్‌మెంట్ అంతా పంచాడు. మధ్యాహ్నం వెంకటనారాయణగారు దిగి వచ్చి, షుగరు ఉందన్న సంగతి మరిచిపోయి ఒక ముక్క నోట్లో వేసుకుని, మనసారా అడిగాడు.

"అయితే మా మాత్ర బాగా పనిచేసిందన్నమాటండీ?"

మా ఆయన గబుక్కున దగ్గాడు. నేను పళ్ళెం బల్ల మీద పెట్టాను.

"ఏం మాత్రండీ?" అన్నాను.

పాపం వెంకటనారాయణగారికి కల్లాకపటం తెలియదు. "నాలుక కింద పెట్టుకునేదండీ. మెట్లెక్కేముందు పెట్టుకోమని మా డాక్టరుగారు నాకు రాశారు. ఈయనగారు జిమ్‌లో ఇబ్బంది పడుతుంటే ఒకటిచ్చానండీ. చెప్పలేదాండీ మీకు?" అని నా మొహం చూసి, మిగిలిన ముక్క చేతిలోనే పట్టుకుని పైకి వెళ్ళిపోయాడు.

తలుపు వేసి వచ్చాను. "పొద్దున ఆ మాత్ర వేసుకుని పోయినారా?"

"దాంట్లో తప్పేముండాది? పరీక్ష ముందర గ్లూకోజు తాగి పొమ్మని పిల్లోళ్ళకు చెప్పమా? ఇదీ అట్లాంటిదే."

"డాక్టరు అడిగితే లేదంటిరే?"

"ఉంది అంటే టెస్టు చెయ్యదు. నెలాఖరు అయిపోతాండాది. యా మొహం పెట్టుకుని పోవాల నేను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "స్లిప్పులు పెట్టినారేమో అని పిల్లోళ్ళ చొక్కా చేతులు మడిపించి చూసే మనిషివే! ఒక పిల్లోడు ఏడ్చి కాళ్ళు పట్టుకున్నా వదల్లేదంటివే! నువ్వు నోట్లో స్లిప్పు పెట్టుకుని పోతివా?" అన్నాను. కోపం వస్తే నాకు మీరు అనే మాట రాదు.

ఆయన మెల్లగా రిపోర్టు తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు. "రిజల్టు వచ్చేసింది లక్ష్మీ. పాసైనోడు మళ్ళీ పరీక్ష రాయడు" అన్నాడు. ఇక నేను ఎన్ని అన్నా పలకలేదు. మొండికి పడ్డ మనిషితో వాదన గోడకు చెప్పుకున్నట్టే. అశ్వినికి ఫోన్ చేస్తే, "రేపు లీవు పెట్టి వస్తానమ్మా, నేనే మళ్ళీ తీసుకెళ్తా, నాన్నని ఇల్లు కదలనివ్వకు" అంది.

కదలనివ్వకపోవడం నా చేతిలో ఉందా? సోమవారం నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి చెప్పుల స్టాండు ఖాళీ. రిపోర్టు కవరూ లేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. క్లాసులో ఫోన్ మోగితే పిల్లలకు ఏ శిక్షో తనకూ అదే శిక్ష అని ఆయన నియమం.

కోపం అప్పటికి పోయింది. భయం పట్టుకుంది. తల కూడా సరిగ్గా దువ్వుకోకుండా జేఎన్టీయూ దగ్గర షేర్ ఆటో ఎక్కాను. బస్సు మామూలు రోజుల్లో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ పక్కన ఆగుతుందని ఆదివారం నర్సు ఎవరికో చెబుతుంటే విన్నాను. అక్కడే ఉంది. మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. వాళ్ళను తోసుకుని వెళ్ళాను. వాళ్ళు ఇంగ్లీషులో ఏదో అన్నారు, అననీ అనుకున్నాను.

భార్గవి బయటికి వచ్చింది. నేను జరిగింది జరిగినట్టు చెప్పాను. జిమ్‌లో మొదటి రోజు రెండో ఎత్తుకే దిగిపోయిన సంగతి, ఆ మాత్ర సంగతి, నిన్న నాలుగో ఎత్తు దాకా నడిచిన సంగతి.

భార్గవి నుదురు పట్టుకుంది. "నాకు అనుమానం వచ్చిందమ్మా. ఇంకెవరైనా అయితే మూడుసార్లు అడిగేదాన్ని, జేబులు కూడా చూపించమనేదాన్ని. సార్‌ని రెండోసారి అడగడానికే నోరు రాలేదు" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇప్పుడు మళ్ళీ నడిపించి చూస్తావామ్మా?"

"వద్దమ్మా. ఇంక నడిపించకూడదు. ఆ మాత్ర గ్యాస్‌కి పనిచేయదు. గుండె నాళాలకు పనిచేస్తుంది. అది వేసుకుంటే నొప్పి రాలేదంటే, నొప్పి గుండెదే అయ్యుంటుంది. ఆయన్ని క్లాసులోంచి దించి ఇక్కడికి తీసుకురండి. మెట్లు దిగనివ్వకండి, లిఫ్టులో తీసుకురండి. నేను ఆసుపత్రికి ఫోన్ చేసి ఉంచుతాను" అంది. మిషను మీద ఎవరో పేషెంటు ఉన్నారని నర్సు పిలుస్తుంటే లోపలికి పరుగెత్తింది.

కోచింగ్ సెంటర్ అక్కడికి దగ్గరే. ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. ఆ భవనంలో పైన రెండు అంతస్తులు ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీవి. లిఫ్టు వాళ్ళది, కార్డు చూపిస్తేనే తెరుచుకుంటుంది. కోచింగ్ వాళ్ళందరికీ మెట్లే. సెక్యూరిటీ ఎల్లేశం నన్ను గుర్తుపట్టాడు. "ఏంది మేడం, గిట్ల ఉరుకుతున్నరు?" అన్నాడు. "సార్‌ను దించాల, లిఫ్టు తెరిపించి పెట్టు నాయనా" అని మెట్లెక్కాను. నా మోకాళ్ళ సంగతి వేరే చెప్పాలా? మూడో అంతస్తు చేరేసరికి నాకే ఊపిరి అందలేదు. ఇవే మెట్లు ఆయన రోజూ ఆ నొప్పితో ఎక్కాడు.

తలుపు తెరిచే ఉంది. లోపల వందమందికి పైగా పిల్లలు. ఇన్నేళ్ళలో నేను ఆయన పాఠం చెప్పగా చూడటం అదే మొదలు. బోర్డు నిండా కటకాలు, కిరణాలు. చొక్కా వీపున తడిసి అతుక్కుపోయింది. ఎడమచేత్తో బోర్డు అంచు పట్టుకుని కుడిచేత్తో గీస్తున్నాడు, గొంతు మాత్రం కంచులా మోగుతోంది. వెనక బెంచీలో ఆవలించిన పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలిచి ప్రశ్న అడిగాడు. వాడు చెప్పాడు. ఈయన నవ్విన నవ్వు మా ఇంట్లో నేను ఎప్పుడూ చూడలేదు. ఒక్క క్షణం నాకు అసూయ కలిగింది. ఈ నవ్వు కోసమా ఇంత దొంగతనం అని జాలి కూడా వేసింది.

లోపలికెళ్ళి చెయ్యి పట్టుకుని లాగితే రాడు. అది నాకు తెలుసు. ఇంటి గొడవ అనుకుని బయటికి పంపిస్తాడు. కానీ ఆయన క్లాసులో ఒక పద్ధతి ఉంది. పిల్లలు డౌటు అడిగితే అది తీరేదాకా మరో గీత గీయడు. గంట కొట్టినా సరే. నేను తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఎత్తాను.

"ఒక డౌటు సార్."

క్లాసంతా వెనక్కి తిరిగింది. ఆయన చేతిలో మార్కర్ ఆగిపోయింది. "నువ్వు... మీరు... ఏంది ఇట్లొచ్చినారు?" అన్నాడు.

"డౌటు అడిగే దానికి వచ్చినా. ఒకాయనకు ఎత్తు ఎక్కితే ఛాతీలో నొప్పి. గ్యాసు అంటాడు. ఒక మాత్ర నాలుక కింద పెట్టుకుని అంతకు రెండింతల ఎత్తు ఎక్కినాడు. నొప్పి రాలేదు. ఆ మాత్ర గ్యాసుకు పనిచేసేది కాదంట, గుండె నాళాలను వెడల్పు చేసేదంట. ఇప్పుడు చెప్పండి సార్, ఆ నొప్పి యాడిది?"

పిల్లలకు నేను సార్ భార్యనని తెలియదు, ఇది ఎవరి కథో తెలియదు. ముందు బెంచీలో కళ్ళద్దాల అమ్మాయి ఒకతి చటుక్కున లేచింది. "హార్ట్‌ది సార్!"

"రీజన్?" అన్నాడు ఆయన. అలవాటు. నోరు తనంతట తాను అడిగేసింది.

"ఎత్తు పెరిగినా నొప్పి రాలేదు సార్. కొత్తగా చేరింది మాత్ర ఒక్కటే. అది పనిచేసేది హార్ట్ మీద. కాబట్టి తగ్గింది కూడా హార్ట్ నొప్పే."

ఆయన ఆ అమ్మాయి వైపు చూశాడు. తర్వాత నా వైపు.

"కరెక్ట్. సిట్ డౌన్" అన్నాడు. మార్కర్‌కు మూత పెట్టి, మూలనున్న కుర్చీ లాక్కుని తానూ కూర్చున్నాడు. సార్ క్లాసులో కూర్చోవడం ఆ పిల్లలు ఎప్పుడూ చూడలేదేమో, గుసగుసలు మొదలయ్యాయి.

ఈసారి చెయ్యి పట్టుకుంటే లేచి వచ్చాడు. ఎల్లేశం ఎవరి కార్డు అడిగి తెచ్చాడో, లిఫ్టు తలుపుకు కాలు అడ్డం పెట్టి నిలబడ్డాడు. "దవాఖానకేనా సార్? పరేషాన్ గాకుండ్రి, ఆటో పిలిచిన" అన్నాడు. ఆ ఆటోలోనే ఆయన్ని బస్సు దగ్గరికి తీసుకొచ్చాను.

బస్సులో పడుకోబెట్టి భార్గవి మళ్ళీ వైర్లు తగిలించింది. ఈసారి కాళ్ళకు దండాలు లేవు. అడగాల్సిన ప్రశ్న ఏదీ వదల్లేదు.

"సార్, ఆ మాత్ర నిన్న ఒక్కరోజేనా?"

ఆయన కప్పు వైపు చూశాడు.

"సార్, అడుగుతున్నాను. నిన్న ఒక్కరోజేనా?"

"రోజూ."

"ఎప్పటినుంచి?"

"పది దినాలు. స్ట్రిప్పు కొనుక్కున్నా." చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు.

నా కషాయం ఘనత అక్కడితో తేలిపోయింది. దాని గురించి బాధపడే తీరిక లేదు.

"ఈ రోజు ఎన్ని?"

"మెట్ల ముందర ఒకటి. క్లాసు మధ్యలో బోర్డు వైపు తిరిగి ఇంకొకటి."

"అంటే నిలబడ్డా వచ్చిందా?"

"వచ్చింది. ఇప్పుడూ ఉంది."

భార్గవి నర్సుకేసి చూసింది. నర్సు అప్పటికే ఫోన్ తీసింది. అంబులెన్సు రావడానికి ఎంతో సేపు పట్టలేదు గానీ నాకు మాత్రం యుగంలా ఉంది. నేను ఆయన చెయ్యి పట్టుకుని, "నాకొక్క మాట చెప్తే ఏం పోయేదండీ?" అన్నాను.

"చెప్తే నువ్వు క్లాసుకు పోనియ్యవు."

"పోనియ్యను."

"అందుకే చెప్పలే" అన్నాడు. కాసేపాగి, "భయమేస్తాంది లక్ష్మీ" అన్నాడు. ముప్పైనాలుగేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట విన్నది అప్పుడే. నాకూ అంతే భయంగా ఉందని చెప్పాను. ధైర్యం చెప్పాలని తెలుసు, రాలేదు.

ట్రస్టుతో ఒప్పందం ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళారు. గుండెకు రక్తం అందించే పెద్ద నాళం దాదాపు పూడుకుపోయిందట. ఆ మధ్యాహ్నమే స్టెంటు వేశారు. ఇంకో నాలుగు రోజులు ఆ మెట్లు ఎక్కి ఉంటే, అని మొదలుపెట్టి ఆ డాక్టరు ఆగిపోయాడు. నేనూ పూర్తి చేయమని అడగలేదు. అశ్విని పరుగెత్తుకుంటూ వచ్చి తండ్రిని తిట్టాలని నోరు తెరిచి, ఆయన చేతికున్న సూదులు చూసి మంచం పక్కన కూలబడింది.

మర్నాడు ప్రిన్సిపాల్ నాకు ఫోన్ చేశాడు. మంచివాడే, ఎన్నో మంచి మాటలు చెప్పాడు. సార్ ఎప్పటికీ మా సార్ అన్నాడు. కోలుకున్నాక ఇంట్లో కూర్చుని ప్రశ్నపత్రాలు తయారు చేసి పంపొచ్చు అన్నాడు. సీనియర్ బ్యాచ్ దినేశ్‌కి ఇచ్చేశామని అన్నిటికంటే చివర చెప్పాడు.

ఆయన్ని వార్డులోకి మార్చాక, ఒక పూట ఆగి చెప్పాను. దాచిపెట్టాలని అనిపించింది. కానీ మా ఇంట్లో దాపరికం ఏం చేసిందో నా కళ్ళతో చూశాను కదా.

విన్నాడు. గోడవైపు తిరిగాడు. కాసేపటికి ఆయన భుజాలు కదలడం చూశాను. మా మామగారు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. నాకేం చేయాలో తోచక వరండాలోకి వెళ్ళి భార్గవికి ఫోన్ చేశాను. అమ్మాయీ, ఇప్పుడు ఆయన గుండెకు ఏడుపు మంచిదేనా అని అడిగాను. "ఏం పర్వాలేదమ్మా, గుండె తట్టుకుంటుంది, ఏడవనివ్వండి" అంది.

లోపలికొచ్చి కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుని, ఏడవనిచ్చాను.